శాలిబండలో మోగని సైరన్

పదవీ విరమణకు ముందు వచ్చిన చివరి రంజాన్ నెలలో నన్ను పౌర రక్షణ విభాగంలో పాతబస్తీ జోన్‌కు డిప్యూటీ కంట్రోలర్‌గా వేశారు. అప్పగించిన పని చిన్నదే: అణు క్షిపణి వస్తే జనాన్ని కాపాడటం.

క్షిపణి బయలుదేరాక మనకుండేది కొద్ది నిమిషాలు. ఆలోగా రాడార్ దాన్ని పసిగట్టాలి, వచ్చేవాటిలో అసలుదేదో డమ్మీ ఏదో తేల్చాలి, ఎదురు క్షిపణి వదలాలి. అది గురి తప్పితే మిగిలేది మా సైరన్. హెచ్చుతగ్గులుగా మోగితే ప్రమాదం, ఒకే తీరుగా మోగితే గండం గడిచినట్టు. అది విని జనం నేలమాళిగల్లోకి దిగాలని సర్క్యులర్. మా జోన్‌లోని శాలిబండలో నేల తవ్వితే ముందు తగిలేది డ్రైనేజీ పైపు. ఆ సర్క్యులర్ రాసిన మహానుభావుడు ఇటువైపు ఎప్పుడూ వచ్చినట్టు లేదు.

మాక్ డ్రిల్‌కు మా కంట్రోలర్ గారు సూర్యాస్తమయానికి కాస్త ముందు ముహూర్తం పెట్టారు, ఆ వేళకు అందరూ ఇళ్లలో ఉంటారని. రంజాన్‌లో మసీదు సైరన్ విని ఇక్కడ రోజా, అంటే ఉపవాసం, విడుస్తారని, మనది ముందే మోగితే రోజాలు పాడవుతాయని చెప్పాను. అది వాళ్ల సైరన్, ఇది గవర్నమెంటు సైరన్ అన్నారాయన. చెవులకు ఆ తేడా తెలుస్తుందని ఆయన నమ్మకం.

మసీదు కమిటీ పెద్ద ఖాదర్ భాయ్ మా గల్లీవాడే. సంగతి అందరికీ ముందుగా చెప్పమని అడగడానికి వెళ్లాను.

"అందరికి చెప్తం సార్, ఫికర్ లేదు. మా అమ్మీకి ఎట్ల చెప్పాలె? పొద్దుగాల చెప్పింది మాపటికి యాదికుండది. సైరన్ వినంగనే ఖర్జూరం నోట్లె ఏసుకుంటది. గీ వయసుల గూడ ఒక్క రోజా ఇడ్వలేదు, మీ డ్రిల్ కోసం చెడగొడ్తరా?" అన్నాడు. మళ్లీ తనే, "నిజంగ బాంబే వచ్చిందనుకోండ్రి, గప్పుడు గూడ ఖర్జూరమే తింటది. గప్పుడేం జేస్తరు?" అని అడిగాడు.

నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. నా చేతిలో ఉన్నది ఒక్క స్విచ్చే. డ్రిల్ రోజు సాయంత్రం మా జోన్ సైరన్ నేను మోగించలేదు. అడిగితే సాంకేతిక లోపం అందామని సిద్ధంగా ఉన్నాను.

ఎవరూ అడగలేదు. పరిశీలనకు వచ్చిన అధికారి శాలిబండ గల్లీల్లోకి తొంగి చూశాడు. ఇఫ్తార్‌కు ముందు కదా, నరసంచారం లేదు. మెయిన్ రోడ్డు హారన్ల లొల్లిలో సైరన్ తనకు వినబడలేదట, జనానికి మాత్రం బ్రహ్మాండంగా వినబడిందట. నగరంలోకెల్లా క్రమశిక్షణ గల జోన్ మాదేనని తేల్చి, పై నెలలో నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు.

ఎదురు క్షిపణుల సంగతి శాస్త్రవేత్తలు చూసుకుంటారు. నా ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే: విన్నవాళ్లకు ఏం చేయాలో ముందే తెలియకపోతే హెచ్చరిక ఒట్టి చప్పుడు. సైరన్ మోగించకుండా ఖాదర్ భాయ్ తల్లి ఉపవాసాన్ని కాపాడగలిగాను. మోగించి ఆమె ప్రాణాన్ని ఎలా కాపాడాలో నాకే కాదు, శాలువా కప్పినవాళ్లకూ తెలియదు.