సాన మీద గంధం

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకమో, మాటల మీదా అంతే. ఒక మాటకి మా ఇంట్లో ఏ అర్థం ఉంటే లోకమంతటా అదే అర్థమనుకునేదాన్ని. బడికి వెళ్ళకుండా అమ్మ దగ్గరే చదువుకున్న పిల్లని, నన్ను సరిదిద్దడానికి పక్క బెంచీవాళ్ళు కూడా లేరు. పంతొమ్మిదో ఏట మధురవాడలో కేటరింగ్ నడిపే ఒకావిడ (అందరికీ పెద్దక్క) "సర్టిఫికెట్లు నాకెందుకమ్మా, దసరా మర్నాడు నీ కత్తి తెచ్చుకో. పండు టమాటా ఇత్తాను, రసం కారకుండా పల్చగా కోసేవంటే పన్లోకి వొచ్చీ" అంది. కాగితం ముక్క లేని నాకు ఎవరైనా పెట్టిన పరీక్ష అదొక్కటే. ఇంటికొచ్చేదాకా నా కాళ్ళు నేల మీద లేవు. పేచీ ఏమిటంటే, మా గోపాలపట్నం ఇంట్లో ఉన్న ఒక్క కత్తీ టమాటాని కోసేది కాదు, చిదిమేది.

స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా చేసే మా బాబాయి (పిన్ని మొగుడు, ఈ ఊరివాడే) సంగతి విని, పండగ పొద్దున్నే అరచెయ్యంత ఇనప పలక పంపించాడు. దాని మీద వజ్రాల పొడి అతికించి ఉంటుందట. మా గడపలోకి వజ్రమనేది రావడం అదే మొదలు. ఫోన్లో చెప్పాడు: "మంచి సానమ్మా. పొడిగా రుద్దీకు. నీల్లల్లో సుక్క గిన్నెల సబ్బు ఏసి మెల్లగా అరగదియ్యి. నూనె మాత్రం..." నేను ఆనందం పట్టలేక "నీ మేలు మర్చిపోను బాబాయ్" అని పెట్టేశాను.

సాన అన్నాడు కదా. మా ఇంట్లో సాన అంటే దేవుడి గదిలో గంధం తీసే రాయి. పైగా ఆయుధపూజ రోజు. ముందు దేవుడిది, తర్వాత మనది అనుకుని, అమ్మమ్మ దాచుకున్న గంధపు చెక్క తీసి పలక మీద నీళ్ళు చల్లి రుద్దాను. ఏం చెప్పను, పాత రాయి మీద అరగంట పట్టే గంధం నాలుగు రుద్దులకే గిన్నె నిండా వచ్చింది. (చెక్క వేలెడు తరిగిందని అమ్మమ్మ చెబితే గానీ చూసుకోలేదు.) ఒళ్ళు పులకరించి దేవుడికీ, కత్తికీ, గుమ్మానికీ బొట్లు పెట్టి, మిగిలింది సానకే దట్టంగా పట్టించాను. మధ్యాహ్నం కత్తి నూరబోతే, పూజ చేసిన వస్తువుకి ఎంగిలి గిన్నెల సబ్బు రాయడానికి మనసొప్పలేదు. దీపారాధన నువ్వుల నూనె పోశాను. కత్తి పాచి మెట్టు మీద కాలిలా జర్రున జారిపోయింది. గంటసేపు రుద్దాను. అయిదు టమాటాలు చితికిపోయాయి, ఆరోది నా కన్నీళ్ళలో తడిసింది.

ఫోన్ చేస్తే బాబాయి బండేసుకుని వచ్చాడు. పలకని వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు.

"వజ్రం ఏదే? సింహాద్రప్పన్నకి పూసినట్టు పూసేసినావు. నిజరూపం సూడాలంటే సందనయాత్ర దాకా ఆగాలేటి?"

"దేవుడికని, బాబాయ్... ఎంగిలి గిన్నెల సబ్బు రాయబుద్ధి కాలేదు."

"దేవుడు ఒద్దన్నాడేటి. గంధం, నూనె కలిసి జిగురైపోయి వజ్రాల మద్దిన ఇరుక్కుంది. కత్తికి రాయే తగల్డం లేదు. ఆ ఎంగిలి సబ్బు, పాత పళ్ళ బ్రష్షు పట్రా."

నురగలో రుద్ది కడిగేసరికి పలక మిలమిలా మెరిసింది. సబ్బునీళ్ళు చల్లి కత్తి నా చేతికిచ్చాడు. "నొక్కీకు, తేలిగ్గా లాగు. ఇనప పొడిని నీల్లే లాక్కెల్లిపోతాయి." సర్రు సర్రుమని చప్పుడు మొదలైంది, నీళ్ళు నల్లబడ్డాయి. కాసేపటికి కేలండరు కాగితం గాల్లో పట్టుకుని కోస్తే చప్పుడు కాకుండా రెండైంది. బాబాయికి దణ్ణం పెట్టాను, సబ్బు సీసాకి కూడా పెట్టాను.

మర్నాడు పొద్దున్న పెద్దక్క ముందు టమాటా పెట్టి కత్తి ఆనించాను. నేను కోస్తున్నట్టే లేదు, అది తనంతట తను పల్చటి బిళ్ళలుగా విడిపోతోంది. పెద్దక్క ఓ బిళ్ళ ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది. ఆనక కత్తి పిడి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ముక్క బాగుంది. కత్తేటే, గుడి వాసనేత్తంది?"

అబద్ధం ఆడటం రాదు, మొత్తం చెప్పేశాను. పెద్దక్క నవ్వలేక గట్టు పట్టుకుంది. "రేపట్నించి వొచ్చీ, గంధమూ" అంది. అదే పేరు నిలిచిపోయింది.

ఇప్పుడు ఆ వంటశాలలో తరుగుడు బల్ల నాదే. నా సంచిలో అదే పలక, పక్కన చిన్న సీసాలో సబ్బునీళ్ళు. దసరాకి బొట్టు పెడతాను, కాకపోతే వెనక వైపు. రోజూ తడిపే ముందు మాత్రం ఓసారి వాసన చూస్తాను. ఇనప వాసనే. అయినా చూస్తాను, ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల ఇంకా వజ్రాల మధ్య ఎక్కడో ఇరుక్కుని ఉందేమోనని.