మోచేతి కింద రెండు వేళ్ళు

పాతికేళ్ళకి పైగా బడిపిల్లలకి సైన్సు పాఠాలు చెప్పినదాన్ని. దెయ్యాలు, గాలి సోకడాలు, దిష్టి తియ్యడాలు మా పుట్టింట్లో ఎవరికీ పట్టింపు లేదు. నేనూ ఎన్నడూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. ఇక్కడ రాస్తున్నది దెయ్యం కథ కూడా కాదు. ఎందుకంటే ఇది జరిగినప్పుడు ఇందులో ఉన్న ఇద్దరం బతికే ఉన్నాం.

డెబ్భైల మొదట్లో మేం విజయవాడ పటమటలో ఉండేవాళ్ళం. అప్పటికింకా పటమట సగం పల్లెటూరే. పెరటి గోడ దాటితే పొలాలు, సాయంత్రమైతే పోయే కరెంటు. మావారు వన్ టౌన్‌లో ఒక బట్టల కొట్లో గుమాస్తా. ఇంట్లో మా అత్తగారు, మేమిద్దరం, ఏడాది దాటిన మా పాప. నేను దగ్గర్లో ఉన్న బళ్ళో టీచర్ని.

పాప పాలు మానిన కొన్నాళ్ళకి నాకు దగ్గు పట్టుకుంది. ఎన్ని మందులు మింగినా తగ్గలేదు. ఒకరోజు చేతిరుమాలు మీద రక్తపు జీర కనబడింది. క్షయ అని తేల్చి, మంగళగిరి అవతల ఒక ఆసుపత్రిలో చేర్చారు. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను. ఆ మందే నన్ను బతికించింది, ఆ మాట ముందే చెప్పాలి.

కొన్ని వారాలు గడిచాక ఒక పొద్దున ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నాను. మరుక్షణం నేల మీద ఉన్నాను. కళ్ళు తిరగలేదు, కాలు జారలేదు. నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే దుంగలా పడిపోయాను. ఆ తర్వాత నడుస్తుంటే ఎదురుగా ఉన్న గోడ, తలుపు, మనుషులు అడుగడుక్కీ ఎగిరెగిరి పడుతున్నట్టు కనబడేవి.

డాక్టరుగారు ఒక మెత్తటి పరుపు మీద పాదాలు దగ్గర పెట్టి నిలబడమన్నారు. కళ్ళు తెరిచినంతసేపూ ఊగుతూనైనా నిలబడ్డాను. మూసుకోమన్నారు. నర్సు పట్టుకోకపోతే తల పగిలేది.

ఆయన ఓపిగ్గా చెప్పారు. "మనం ఊరికే నిలబడి ఉన్నామనుకుంటాం గానీ, ఒళ్ళు క్షణక్షణం ఎటో ఒకవైపు ఒరుగుతూనే ఉంటుందమ్మా. పిక్కలు, నడుము దాన్ని సర్దుతూనే ఉంటాయి. ఎటు ఒరిగిందో చెప్పేవి మూడు. కళ్ళు, కాళ్ళు, చెవి లోపలి భాగం. ఈ ఇంజెక్షను వల్ల మీకు ఆ చెవి పని పోయింది. మందు మారుస్తాను. కానీ పోయింది తిరిగి రాదు."

"మరి నేనెలా ఉండాలండీ?"

"వెలుతురులో ఉండండి. గట్టి నేల మీద నడవండి."

నా పక్క మంచం లంకమ్మది. యాభై దాటిన మనిషి. బందరు అవతల సముద్రపొడ్డున ఒక చిన్న పల్లె ఆవిడది. చిన్నప్పటినుంచీ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నడిచిన మెడ, వెన్ను. జబ్బులో కూడా నిటారుగా ఉండేది. ఆవిడకీ అదే ఇంజెక్షను, కానీ ఆవిడకేమీ కాలేదు. ఎవరి ఒంటికి ఏది పడుతుందో చెప్పలేం కదా.

నేను ఆవిణ్ణి పిన్నీ అని పిలిచేదాన్ని. సాయంత్రం వరండాలో నా ఎడమ పక్కన నిలబడి, నా మోచేతి కింద తన కుడిచేతి రెండు వేళ్ళు ఆనించేది. "కళ్ళు మూసుకోయే. నేనున్నాగా" అనేది. పట్టుకునేది కాదు, ఊరికే ఆనించేది. దాంతోనే నేను పడకుండా నిలబడేదాన్ని. డాక్టరుగారిని అడిగితే, గోడకి వేలి కొస తగిలినా చాలు, ఒళ్ళు ఎటు ఒరుగుతోందో తెలిసిపోతుందన్నారు. అందులో వింతేమీ లేదు.

నన్నే ముందు ఇంటికి పంపారు. వెళ్ళేముందు నా చెంపలు నిమిరి, "ఎక్కడా పడమాకే తల్లీ" అంది లంకమ్మ.

ఇంటికొచ్చాక నా బతుకంతా లాంతరు చుట్టూ అయింది. ఒక సాయంత్రం పాపని ఎత్తుకుని గడప దాటుతుంటే కరెంటు పోయింది, ఇద్దరం పడ్డాం. పాప నుదురు చీరుకుపోయింది. అత్తగారు తిట్టలేదు. "పొద్దువాలాక పిల్లని ఎత్తుకోమాకమ్మా" అని మాత్రం అన్నారు. ఆ రోజునుంచీ సందెవేళ చాప మీద కూర్చోవడమే నా పని. పాప మొదట్లో నా దగ్గరికొచ్చి చేతులు చాచేది. నేను లేవకపోయేసరికి, కొన్నాళ్ళకి చాచడం మానేసింది. చీకటి పడగానే నానమ్మ దగ్గరికే పోయేది. క్షయ వచ్చిందన్నప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

ఆ వానాకాలంలో ఒక సాయంత్రం అత్తగారు పక్కింటికి వెళ్ళారు. మావారు ఇంకా రాలేదు. పెరట్లో పాప గట్టిగా ఏడ్చింది. లాంతరు పట్టుకుని పరిగెత్తాను. పెరటి గుమ్మం దాటగానే గాలికి అది ఆరిపోయింది. ఆకాశం నల్లగా మూసుకుపోయి ఉంది, కాళ్ళ కింద బురద. కళ్ళూ లేవు, కాళ్ళూ లేవు, చెవి సరేసరి. పడిపోవలసిందే.

పడలేదు. ఎడమ మోచేతి కింద రెండు వేళ్ళు ఆనుకున్నాయి.

పాప ఏడుపు వినబడ్డవైపు నడిచాను. బురదలో కూరుకున్న పాపని ఎత్తి చంకనేసుకుని వెనక్కి వచ్చాను. "వచ్చారా అత్తయ్యగారూ" అంటూ ఎడమవైపు చెయ్యి చాపాను. ఎవరూ తగల్లేదు. అప్పుడే అత్తగారు వీధివైపునుంచి దీపం పట్టుకుని వచ్చారు. చీకట్లో పిల్లనెత్తుకుని నిలబడ్డ నన్ను చూసి ఆవిడ దీపం కిందికి దించి నా కాళ్ళకేసి చూశారు.

అది మొదలు. కళ్ళు మూసినా, చీకటి పడినా ఆ వేళ్ళు వచ్చేవి. నాకు భయం వెయ్యలేదు. నిజం చెప్పాలంటే పండగలా ఉండేది. సందెవేళ పాపని చంకనేసుకుని వీధి అరుగు దాకా వెళ్ళేదాన్ని. అది మళ్ళీ నా మెడ చుట్టూ చేతులు వేసి నిద్రపోయేది. ఎవరు పట్టుకుంటున్నారని నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే పోతుందేమోనని అనుకున్నాను.

మావారు ఊరుకోలేదు. జబ్బు ఎటు తిరిగిందోనని మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరుగారు అదే పరుపు మీద నిలబెట్టారు. కళ్ళు మూసుకున్నాను. కదలకుండా నిలబడ్డాను. ఆయన చెవుల్లో చల్లటి నీళ్ళు పోయించి చూశారు. మామూలు మనిషికైతే కళ్ళు గిర్రున తిరుగుతాయట. నాకు చల్లగా అనిపించింది, అంతే.

"చెవులు బాగుపడలేదు, అప్పటిలాగే ఉన్నాయి. అసలు మీరు నిలబడకూడదే" అన్నారు.

"ఇక్కడ ఎవరో వేళ్ళు ఆనించినట్టుందండీ" అని మోచెయ్యి చూపించాను. ఆయన నవ్వి, మళ్ళీ కళ్ళు మూసుకోమని, మోచేతి కింద తన చెయ్యి అటూ ఇటూ ఆడించారు. ఆయన చేతికి ఏమీ తగల్లేదు. కానీ నర్సు దగ్గరికొచ్చి, "ఇటు చూడండి సార్" అంది. నా మోచేతి కింద చర్మం రెండు చోట్ల సొట్టపడి ఉందట. వేళ్ళతో నొక్కితే పడ్డట్టు. నేను కళ్ళు తెరవగానే అవి నిండిపోయాయట. మావారు కూడా చూశారు. డాక్టరుగారు ఆ చోటు వేలితో నొక్కి చూశారు. ఒంటికి ఒక అలవాటు పడితే అది లేకపోయినా ఉన్నట్టే తోస్తుందని, నరాల సంగతులు చిత్రంగా ఉంటాయని అన్నారు.

బయటికొస్తూ నర్సుని లంకమ్మ గురించి అడిగాను. జబ్బు నయమై ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయిందంది. "మొన్నామధ్య కూతురు తీసుకొచ్చి చూపించుకెళ్ళింది. కుడిచేతికి ఏదో అయిందంటమ్మా. ఎవరికీ అంతుపట్టలేదు."

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆ ఆదివారం మావారిని తీసుకుని బందరు బస్సెక్కాను. బస్సు దిగి, బండి కట్టించుకుని, చివర్న ఇసుకలో ఆయన చెయ్యి పట్టుకుని నడిచి మధ్యాహ్నానికి ఆ పల్లె చేరాం.

లంకమ్మ పాకలో గోడకి జేరబడి కూర్చుని ఉంది. కుడిచెయ్యి ముందుకి చాచి ఉంది, రెండు వేళ్ళు పైకి వంచి. దాని కింద ఏ ఆసరా లేదు. మోచేతి నుంచి మణికట్టు దాకా ఎముక మీద తోలు తప్ప ఏమీ మిగల్లేదు. ఎడమచెయ్యి మాత్రం మునుపట్లాగే పుష్టిగా ఉంది.

కూతురు దుర్గ చెప్పింది. "వానల్లో మొదలైందండి. ముందు సందెవేళ మాత్రమే లేచేదండి. ఇప్పుడు దించుదామన్నా దిగట్లేదు. అన్నం నేనే పెడతన్నా."

నేనింకా నోరు విప్పలేదు. నా మోచేతి సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలిసే వీల్లేదు. లంకమ్మ నావైపు తిరిగి చూసింది.

"వచ్చావా. ఇంక నన్నొదిలెయ్యవే తల్లీ" అంది.

నేను పక్కన కూలబడ్డాను. "అదేంటి పిన్నీ. నువ్వు కదా నన్ను పట్టుకుంది."

"నేనెక్కడ పట్టుకున్నానే. నా పాటికి నేను కూచున్నా. నువ్వే లాగతన్నావు. పొద్దువాలితే చాలు, లాగతానే ఉంటావు. భుజం ఊడొచ్చేత్తంది. వదులమ్మా."

కోపంగా అనలేదు. బతిమాలుకుంది. అందుకే ఇన్నేళ్ళయినా ఆ గొంతు మర్చిపోలేను.

ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. పట్టుకోనిదాన్ని ఎలా వదలడం? చివరికి పాక ముందు ఇసుకలో నిలబడ్డాను. "నేను పడితే పట్టుకోకండి" అని మావారికి చెప్పాను. పట్టపగలు, నెత్తిన ఎండ. పాదాలు దగ్గర పెట్టి కళ్ళు మూసుకున్నాను.

వేళ్ళు వచ్చాయి. పడిపోవాలనుకున్నాను. ఒళ్ళు వినలేదు. కాలివేళ్ళు, పిక్కలు, నడుము, మెడ, ఒళ్ళంతా ఆ రెండు వేళ్ళ మీదే వాలిపోయింది. నేనెంత వద్దనుకుంటే అది అంత గట్టిగా వాలింది. లోపల్నుంచి లంకమ్మ మూలుగు వినబడుతోంది. మనిషిని నిలబెట్టేది మనసు కాదని నాకప్పుడే తెలిసింది. నిలబెట్టేది ఒళ్ళు, దానికి జాలి లేదు. నిలబడటం తప్ప దానికింకేమీ అక్కర్లేదు.

చెయ్యి పక్కకి తీసేద్దామని చూశాను. అప్పుడు గమనించాను, నా ఎడమ గుప్పిలి బిగుసుకుని ఉంది. గోళ్ళు అరచేతిలో దిగి ఉన్నాయి. ఎప్పుడు బిగించానో, ఎన్నాళ్ళుగా బిగిస్తున్నానో నాకు తెలియదు. సందెవేళ అరుగు మీద నా మెడ చుట్టూ ఉండే పాప చేతులు గుర్తొచ్చాయి. ఇక అవి ఉండవని తెలుసు. ఒక్కో వేలే విప్పాను.

చివరి వేలు విడిపోగానే ముందుకి పడిపోయాను. ఇసుకలో పాతిన, పడవ కట్టే గుంజకి మూతి కొట్టుకుని ముందు పన్ను విరిగింది. మావారు అరిచారు. అదే సమయంలో లోపల దుర్గ అరిచింది. "దిగిందండీ! అమ్మ చెయ్యి దిగింది!"

నన్ను లోపలికి తీసుకెళ్ళేసరికి లంకమ్మ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నచోటే నిద్రపోతోంది. మేం బయల్దేరేదాకా లేవలేదు. నేనూ లేపలేదు.

ఆ తర్వాత ఆ వేళ్ళు మళ్ళీ రాలేదు. ఇంటికెళ్ళాక మళ్ళీ అదే చాప, అదే లాంతరు. పాప నాలుగైదు సాయంత్రాలు నా కొంగు పట్టుకుని ఏడ్చి, తర్వాత నానమ్మ దగ్గరికే అలవాటు పడిపోయింది. లంకమ్మ చెయ్యి కొంత కోలుకుంది, తట్ట ఎత్తేంత బలం మాత్రం మళ్ళీ రాలేదు. కొన్నేళ్ళకి ఆవిడ పోయింది. పోయిన సంగతి చాలా రోజుల తర్వాత దుర్గ వచ్చి చెబితేనే తెలిసింది. ఆవిడ పోయిన రోజు నాకు ఏ కలా రాలేదు, ఏమీ తోచలేదు.

ఆవిడ చెయ్యి ఏదో నరాల జబ్బయి ఉండొచ్చు. నా మోచేతి కింద వేళ్ళు నా భ్రమే అయ్యుండొచ్చు. విడివిడిగా చూస్తే అన్నిటికీ ఏదో ఒకటి చెప్పుకోగలను. కానీ నేను నోరు విప్పకముందే ఆవిడ నన్నడిగిన మాటకి మాత్రం, ఇన్నేళ్ళు సైన్సు చెప్పినదాన్ని, ఏ జవాబూ చెప్పుకోలేకపోయాను.

ఇప్పటికీ కరెంటు పోతే ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోతాను. ఎవరైనా చెయ్యి అందిస్తారు. నేను పట్టుకోను.