కన్నడలో వచ్చిన మెసేజ్

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. పోయినేడు మా ఊరి చేత వేరుశనగ విత్తించింది నేనే.

మాది కన్నడ రాష్ట్రంలో నాగలమడిక దగ్గర, సోలార్ పార్కు పక్క ఊరు. నేను హైస్కూల్లో గెస్ట్ టీచర్‌ని. ఫోన్లో వచ్చినదాన్ని నమ్మే ముందు రాసిందెవరో, వాళ్లకెలా తెలుసో చూసుకోవాలని ఆ వారం పిల్లలకు నేర్పాను. చక్కగా నేర్చుకున్నారు. మా నాన్నే మిగిలాడు.

మంచి వాన పడినా ఆయన విత్తనాల మూట విప్పలేదు. సోలార్ పలకల వేడికి ఈసారి విత్తనం భూమిలోనే మాడిపోతుందని మెసేజ్ వచ్చిందట. ఊరంతా అదే నమ్మింది. నేలలో పదును ఆరిపోతే ఇక పంట లేనట్టే.

"రాసిందెవరు నాయనా?" అన్నాను, ధైర్యం కూడగట్టుకుని.

"ఎవురో ఆఫీసరు. కన్నడలో ఉండాది కదమ్మా! అబద్ధమైతే తెలుగులో రాస్తారు."

నిజమే. మాకు ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో కన్నడ. అబద్ధాలాడేది ఇంట్లోవాళ్లే కదా!

వ్యవసాయ ఆఫీసులో అడిగి, భయం లేదు, విత్తుకోండని వాళ్లు చెప్పిన మాటే కన్నడలో రాశాను. పాఠం చెప్పినదాన్ని కాబట్టి అడుగున నా పేరు కూడా రాసి, పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి అది తిరిగి తిరిగి నాన్న ఫోనుకు చేరింది. మర్నాడు ఊరంతా విత్తడానికి గొర్రు కట్టారు. అడుగు దాకా చదివే ఓపిక మాత్రం ఒక్కరికీ లేకపోయింది.

నాన్న ఆ ఫోను నా ముఖం ముందు పెట్టి అన్నాడు:

"రాసినోళ్లెవురో గానీ ఏం తెలివి! సదువుకున్నోళ్లంటే అట్లుండాల. నువ్వూ ఉండావు, టీచరని!"