మదార్ తోమేసిన రాణిగారి పేరు

ఏలూరులో ఏ బిందెలోనైనా కాకి తన మొహం చూసుకుని సిగ్గుపడిందంటే, అది మా పక్క కొట్టు మదార్ తోమిన బిందేనండి. చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు ఉంటే చందమామనైనా తోమి పంపుతాడు. "నన్నొక్కదాన్నే తోమలేదు" అంటది వాళ్ళావిడ ఆబిదా.

పోయిన వేసవిలో పెదపాడు నుంచి నాగమణి వచ్చింది. చేపల చెరువు పని వాళ్ళది. చెరువు ఎండగట్టి మట్టి తీస్తుంటే నాణెం దొరికిందట. చిలుం పట్టి పచ్చగా, అప్పడమంత ఉందండి. ఒకవైపు ఆడమనిషి మొహం, చుట్టూ అక్షరాలు, వెనక నెమలి.

"అన్నయ్యా, ఈవిడ దేవతైతే పూజగూట్లో పెట్టమంది మా అత్త. మనిషైతే కొల్లేట్లో పారేయమంది. నాకేమో పారేయబుద్ధి కావట్లేదు."

"నెమలుంది కదమ్మా, దేవతే అయ్యుంటుంది" అన్నాడు మదార్.

"అయ్యుంటుందంటే మా అత్తకి చాలదు. పేరు కావాలి."

కనుక్కుని చెప్తానని మాటిచ్చేశాడు. ఇక ఊరంతా తిరిగాం. బంగారం కొట్టాయన అరగంట గీకి చూసి, బంగారం కాదన్నాడు. ఆ సంగతి గుడ్డోడికైనా తెలుస్తుందండి. చివరికి తాడేపల్లిగూడెంలో చరిత్ర పాఠాలు చెప్పే సౌజన్య మేడమ్ తీసుకురమ్మన్నారు.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుద్ది. మేడమ్ గారి చేతిలో చిలుం పట్టింది పెడితే మర్యాదగా ఉండదని, బయల్దేరే ముందు మదార్ ఆ నాణేన్ని తోమాడు. సూర్యుడు కళ్ళు మూసుకునేట్టు తోమాడు.

మేడమ్ చూసి తల పట్టుకున్నారు. "దీన్ని ఎవరు తోమారండి?"

"నేనేనండి. ఇంకా మెరవాలంటే..."

"చాలండి బాబూ. ఇది రోము వాళ్ళ కంచు నాణెం. ఇక్కడ 'దివా' అని, అంటే దేవత అని, మిగిలింది చూడండి. రాజుగారింటి ఆడమనిషి చనిపోతే దేవతని చేసి, ఆవిడ పేరున నాణెం వేసేవారు. నెమలి ఆవిణ్ణి పైలోకానికి మోసుకెళ్తుందని గుర్తు. కానీ ఇలా నెమలున్న రాణులు కొందరున్నారు. ఈవిడ పేరేమో మీరు తోమిన చిలుంతో పోయింది."

"జుట్టు ముడి చూసి చెప్పలేరాండి?"

"ముడి కూడా తోమేశారు కదండి."

తిరుగు బస్సులో ఏలూరు దాకా మదార్ నాణేన్ని వేలితో తడుముతూనే ఉన్నాడు, అక్షరాలేమన్నా తగులుతాయేమోనని.

మర్నాడు నాగమణి వచ్చింది. "దేవతేనా అన్నయ్యా?"

"దేవతేనమ్మా. ముందు మనిషి, పోయాక దేవత."

"పేరు?"

మదార్ తన చేతుల వంక చూసుకున్నాడు. "చింతపండు నీళ్ళలో పోయింది."

"పేరు లేకపోతే మా అత్త దీపం పెట్టనివ్వదు. దేవతని తెలిశాక పారేయనూ లేను. పోగొట్టింది నువ్వే కదా, పేరు దొరికేదాకా నువ్వే ఉంచుకో" అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఎవరు బిందె తెచ్చినా, కళ్ళజోడు పెట్టుకుని పొద్దుగూకేదాకా తిప్పి తిప్పి చూస్తాడు, "దీని మీద పేర్లేమన్నా ఉన్నాయాండి" అని. మొన్న ఒకావిడ విసిగిపోయి, నేనే తోముకుంటానని బిందె పట్టుకుపోయింది.

వాడి కొట్టు గూట్లో నాణెం మళ్ళీ పచ్చగా చిలుం పడుతోంది. అక్షరాలు మాత్రం రాలేదు. మదార్ దాన్ని చూస్తూ, చేతులు చంకల్లో దోపుకుని కూర్చుంటున్నాడు.