ప్రార్థనాంశం కాని జబ్బు

మనం కళ్ళు మూసుకుని ఎవరికోసం ప్రార్థించామో, కళ్ళు తెరిచాక వారి గుమ్మం ముందు మన కారు ఎన్నిసార్లు ఆగింది? ఈ ప్రశ్న నాది కాదు. నా చిన్నప్పుడు, మిషిగన్‌లోని నోవైలో, మా నర్సు ఆంటీ అడిగినది.

అవి ఎనభైల తొలి సంవత్సరాలు. గుంటూరు వైపు నుంచి వచ్చిన కొద్ది కుటుంబాలవాళ్ళం ఆదివారం సాయంత్రాలు ఎవరో ఒకరింట్లో ప్రార్థనకు కూడేవాళ్ళం. పాటలయ్యాక ఒక్కొక్కరూ తమ ప్రార్థనాంశం చెప్పాలి. ఒకరికి గ్రీన్ కార్డు, ఒకరికి బీపీ, ఒకరి అబ్బాయికి లెక్కల పరీక్ష. ఆంటీ తమ్ముడి పేరు మాత్రం కొంతకాలంగా అక్కడ వినిపించడం లేదు. పిల్లలందరికీ పాటలు నేర్పిన ఆ అంకుల్ ఇండియా వెళ్ళారని పెద్దలు చెప్పేవారు.

ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. కారు ప్రమాదంలో నడుము దెబ్బతిన్నప్పుడు డాక్టరు రాసిన నొప్పి బిళ్ళలకు అలవాటుపడ్డారు. డాక్టరు రాయడం మానేశాక, డెట్రాయిట్‌లో హెరాయిన్ దొరికింది. ఉద్యోగం పోయింది, లైసెన్సు పోయింది. పరువైనా మిగలాలని పెద్దలంతా కలిసి, మాటల్లో ఆయనను ఇండియా పంపేశారు.

మా ఇంట్లో కూడిక జరిగిన ఒక ఆదివారం, తన వంతు రాగానే ఆంటీ లేచి నిలబడ్డారు.

"మా తమ్ముడు ఇండియాలో లేడు, మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాడు. వాడికి హెరాయిన్ అలవాటైంది. మానాలంటే రోజూ పొద్దున్నే క్లినిక్‌కి వెళ్ళి మెథడోన్ అనే మందు తాగాలి. నాకేమో మార్నింగ్ షిఫ్ట్ వేశారు. మిస్సయితే మళ్ళీ మొదటికొస్తాడని భయంగా ఉంది."

కూడికకు పెద్దదిక్కైన అంకుల్ గొంతు సవరించుకున్నారు. "పిల్లల ముందు ఇవేం మాటలమ్మా?"

"మీ షుగర్ సంగతి పిల్లల ముందే చెప్పారుగా అన్నయ్యా."

"షుగరూ ఇదీ ఒకటేనా? ఒక మత్తు మానిపించడానికి ఇంకో మత్తా?"

"మీరు ఇన్సులిన్ మానేసి రండి, అప్పుడు మాట్లాడుకుందాం."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. తలలన్నీ వంగాయి. ప్రార్థన దీర్ఘంగా, చక్కటి మాటలతో సాగింది. ఆమెన్ అన్నాక ఆంటీ ఇంకా నిలబడే ఉన్నారు. "కళ్ళు తెరిచారుగా. రేపు మా గుమ్మం ముందు ఎవరి కారు ఆగుతుంది?"

అమ్మ చెయ్యెత్తింది. "నాకు హైవే ఎక్కడం ఇంకా రాదు. లోపలి రోడ్ల మీద నెమ్మదిగా తీసుకెళ్తాను, పర్లేదా?"

ఆ చలికాలమంతా, బడికి వెళ్ళేముందు, నేను వెనక సీట్లో కూర్చుని అమ్మ, పాటల అంకుల్ మాట్లాడుకునేది వినేదాన్ని. "అక్కా, మంచు మీద బ్రేక్ అలా తొక్కకండి, ముగ్గురం కలిసే పరలోకం చేరతాం," అనేవారు అంకుల్. క్లినిక్ వరుసలో ఫ్యాక్టరీ కోట్లు వేసుకున్నవాళ్ళూ, చర్చికి వెళ్తున్నట్టు తయారైన ఒక ముసలావిడా నిలబడేవారు. అంకుల్ బుగ్గలు మెల్లగా నిండాయి. పల్చటి గొంతుతో మళ్ళీ పాడసాగారు. పక్కన కూర్చుని, ధైర్యం చెప్పి, అమ్మచేత హైవే ఎక్కించింది కూడా ఆయనే.

వసంతంలో నాన్నకు న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చింది. చివరి ఆదివారం అమ్మ చెప్పిన ప్రార్థనాంశం ఒక్కటే: తన బదులు డ్రైవ్ చేయడానికి ఒకరు కావాలి. అందరూ ప్రార్థించారు. ఎవరూ చెయ్యెత్తలేదు.

న్యూజెర్సీలోని పార్సిప్పనీకి వచ్చిన కొన్ని నెలలకు ఆంటీ ఫోన్ చేశారు. అంకుల్ కొన్నాళ్ళు బస్సులు మారి వెళ్ళారట. తరువాత వెళ్ళడం మానేశారట. ఇక లేరు.

పెద్దయ్యాక కాలేజీ డిబేట్‌లో మెథడోన్ చికిత్సా, మరో మత్తా అన్న అంశం మీద ఉభయపక్షాలా వాదించి గెలిచాను. ఏ పక్షాన నిలబడ్డా, బూట్లు తొడుక్కుని కిటికీ దగ్గర కారుకోసం చూస్తున్న మనిషికి చెప్పదగిన సమాధానం నాకు దొరకలేదు. ఇప్పటికీ ఎవరి కష్టమైనా విన్నప్పుడు, సానుభూతి మాటకన్నా ముందు వాళ్ళ అడ్రసు అడగడం నాకు అలవాటు.

మీకు తెలిసినవారిలో ఇలా మాటల్లో ఎక్కడికో పంపేసిన మనిషి ఉండే ఉంటారు. ఈ వారమే ఆ ఇంటికి ఫోన్ చేయండి. పొద్దున ఎన్నింటికి రావాలో కనుక్కోండి. వెళ్ళండి.