ఆదివారం తెరిచే బడి

దోహాలోని అల్ తుమామాలో మా బడి ముందు ఆదివారం పొద్దున్నే బస్సులు వరసగా ఆగి తలుపులు తెరుచుకోగానే ఒక వాసన బయటికి వస్తుంది. రెండు రోజులుగా మూసి ఉంచిన రెక్సిన్ సీట్లు, అప్పుడే చెక్కిన పెన్సిళ్ళు, డబ్బాల్లో ఇంకా వేడి తగ్గని ఉప్మా, ఎవరిదో కేరళ పుట్టు, ఎవరిదో గుడ్డు పరాటా, ఇస్త్రీ చేసిన యూనిఫాం, వీటన్నిటి మీదుగా తోసుకొచ్చే చల్లటి ఏసీ గాలి. నేనిప్పుడు ఆ బడిలో టీచర్ని. రోజూ పీల్చే గాలే అయినా ఆదివారం నాడు మాత్రం గేటు దగ్గర కాసేపు నిలబడిపోతాను. ఆదివారం పూట ఇంతమంది పిల్లలు బడికి రావడమేమిటన్న ఆశ్చర్యం ఎనిమిదేళ్ళప్పుడు నన్ను పట్టుకుంది, ఇంకా వదల్లేదు.

కాకినాడ నుంచి అమ్మా నేనూ దోహా వచ్చింది ఒక చలికాలంలో, చదువుల సంవత్సరం సగం గడిచిపోయాక. అప్పటిదాకా నాన్న నాకు ఏడాదికి ఒక నెల మాత్రమే కనిపించే మనిషి. పెద్ద సూట్‌కేసుతో, ఖర్జూరం పెట్టెలతో, కొత్త సబ్బు వాసనతో వచ్చేవారు. మొదటి వారమంతా తలుపు వెనక దాక్కుని చూసి, మెల్లగా మాట కలిపి, చివరికి ఆయన ఒళ్ళో చనువుగా కూర్చునే వేళకి తిరుగు ప్రయాణం వచ్చేసేది. ఆ ఏడు ఫ్యామిలీ వీసా దొరికి మేమే వచ్చేశాం. ముషైరిబ్ దగ్గర పాత ఫ్లాటు. కిటికీలోంచి చూస్తే క్రేన్లు, తవ్విన గోతులు, దుమ్ము. అంతా బాగానే ఉంది కానీ బడుల్లో సీట్లు లేవు. సీటు దొరక్కపోతే పిల్ల చదువు పాడవుతుంది, మీరిద్దరూ వెనక్కి వెళ్ళిపోండని నాన్న తేల్చి చెప్పేశారు. నాకు సీటంటే అర్థం ఒకటే, రోజూ నాన్న పక్కన కూర్చుని అన్నం తినడం.

నాన్న సైట్ ఇంజనీరు. మేం వచ్చిన వారం సెలవు పెట్టి నన్ను వెంటేసుకుని బడి బడికీ తిరిగారు. మా కాకినాడలో వీధి చివర బడి ఒకటే, వీధిలో పిల్లలందరిదీ అదే. ఇక్కడ దేశానికో బడి! ఇండియన్ స్కూళ్ళు, పాకిస్తాన్ వాళ్ళవి, ఫిలిప్పీన్స్ వాళ్ళవి, ఈజిప్టు వాళ్ళవి, ఎత్తైన తెల్లటి ప్రహరీల వెనక సర్కారు వారి అరబ్బీ బడులు, అందులోనూ మగపిల్లలకి ఒకటి, ఆడపిల్లలకి ఒకటి. ఒక గేటు దగ్గర నిలబడితే కుడి నుంచి ఎడమకి రాసిన బోర్డు, ఇంకో గేటు లోపల జనగణమన, మరోచోట గోడమీద నేనెప్పుడూ చూడని జెండా. ప్రపంచమంతా తన పిల్లల్ని సంచులు తగిలించి ఈ చిన్న ఊరికి పంపించిందేమో అనిపించింది. ప్రతి ఇండియన్ స్కూల్లోనూ నాన్న లోపలికి వెళ్ళి తల అడ్డంగా ఊపుకుంటూ బయటికి వచ్చేవారు. నేను మాత్రం ఆ గేట్ల సందుల్లోంచి నోరు తెరుచుకుని చూస్తూనే ఉండేదాన్ని.

శనివారం సాయంత్రం ఆయన ఉత్తరాన ఉన్న సైటుకి వెళ్ళిపోతూ చెప్పారు, పాత విల్లాలో నడిచే ఒక ఇండియన్ స్కూల్లో ఎవరో పిల్ల తల్లిదండ్రులతో దేశం వదిలి వెళ్ళిపోయిందట, ఒక్క సీటు ఖాళీ అయిందట, ఆదివారం పదింటికి నాకు పరీక్షట. అమ్మ బుద్ధిగా విని, ఆయన మెట్లు దిగాక నా వైపు తిరిగి నవ్వింది.

"ఆదివారం ఏ బడి తెరుస్తారే? కంగారులో సోమవారాన్ని ఆదివారం అనేశారు మీ నాన్న."

వారం మొదలయ్యేదే ఇక్కడ ఆదివారమని, సెలవులు శుక్ర శనివారాలని ఆవిడ బుర్రకి ఇంకా ఎక్కలేదు. ఆదివారమంటే మా ఇంట్లో తలంటు, అంతే. కాకినాడ నుంచి మూటగట్టి తెచ్చిన కుంకుడుకాయలు పొద్దున్నే నానబోసి, నువ్వులనూనె వెచ్చచేసి, నన్ను పీట మీద కూలేసి, నడినెత్తిన చేత్తో తపతపా కొడుతూ మాడంతా నింపేసింది. చెవుల వెనక, మెడ మీద, మోచేతుల దాకా నూనె. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది.

"బయల్దేరారా?" అన్నారు నాన్న.

"ఎక్కడికండీ?" అంది అమ్మ.

తర్వాతి మాటలు నాకు వినపడలేదు గానీ అమ్మ మొహం మాత్రం ఇప్పటికీ కళ్ళముందుంది. తల కడిగే వ్యవధి లేదు. టవల్‌తో నా నెత్తి తుడిచేసి, రెండు జడలు బిగించి, పండగ గౌను తొడిగి మెట్ల మీద నన్ను ఈడ్చుకుంటూ పరిగెత్తింది. కింద నాన్న పంపించిన కంపెనీ కారుతో మల్లేష్ అంకుల్ సిద్ధంగా ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి, కంపెనీ డ్రైవరు, బర్వా అల్ బరాహా అనే కార్మికుల క్యాంపులో ఉండేవాడు.

"ఫికర్ చెయ్యకు అక్కా, టైంకు దింపుత. యల్లా, కూసోండ్రి," అన్నాడు.

దారి పొడుగునా బడులే. నేను వారమంతా మూసిన గేట్ల సందుల్లోంచి చూసినవి ఇప్పుడు ఆటవిడుపుకి బయటికి వచ్చి ఉన్నాయి. నీలం గౌన్లు, ఆకుపచ్చ గౌన్లు, తెల్లటి తలగుడ్డలు, పొడుగాటి తెల్ల చొక్కాల్లో అబ్బాయిలు, ఎండలో మెరిసే బస్సుల బారులు. కాకినాడలో మా వీధంతా సెలవు పెట్టుకుని పడుకుంటే ఇక్కడ ఊరంతా చదువుకుంటోంది! నూనె కళ్ళలోకి కారుతున్నా రెప్ప వేయబుద్ధి కాలేదు నాకు.

ప్రిన్సిపాల్ కేరళ ఆవిడ. ఆవిడ ఎదుట కూర్చుని లెక్కలు చేస్తుంటే నా ముంగురుల్లోంచి ఒక చుక్క జారి కాగితం మీద పడింది, తర్వాత ఇంకోటి. కాగితం అక్కడక్కడా అద్దంలా అయిపోయి కింద బల్ల చెక్క కనిపించసాగింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక అయిపోయింది, కాకినాడే అనుకున్నాను. ఆవిడ ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది.

"సండే ఆయిల్ బాత్!" అని పకపకా నవ్వేసింది. "మా అమ్మ కూడా ఇంతే. లెక్కలన్నీ రైటే. రేపటినుంచి పంపించండి."

అమ్మ అక్కడి నుంచే ఫోను చేసింది. అవతల నాన్న, "సరే, ముందు దాని తల కడుగు," అన్నారు. నేను ఏడ్చేశాను, సంతోషానికి.

ప్రిన్సిపాల్ నన్ను బడంతా తిప్పి చూపించింది. ఎవరో పెద్దింటి వాళ్ళు కట్టుకున్న విల్లా అది. పడకగదుల్లో తరగతులు, వంటింట్లో లైబ్రరీ, కార్ల షెడ్డులో ప్రార్థన. ఒక గదిలో అరబ్బీ, పక్కదాంట్లో మలయాళం, పైన ఉర్దూ, మేడమెట్ల కింద తమిళం. అన్నీ ఒకేసారి వరండాలోకి వచ్చి కలిసిపోతున్నాయి. ఒక్క ఇంట్లో ఇన్ని భాషలు పడతాయని నాకెవరూ చెప్పలేదు.

కారెక్కాక మల్లేష్ అంకుల్ వెంటనే బండి తీయలేదు.

"లోపట ఎట్లున్నదో జర చెప్పు బిడ్డా. నా బిడ్డది గూడ మూడో తరగతే. దుబాయ్ల బడెట్లుంటదని రోజు అడుగుతది. ఇయ్యాల ఐతారం గద, ఇంట్లనే ఉంటది." అని ఫోను కలిపి, స్పీకర్ పెట్టి నా చేతికిచ్చాడు. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

నేను చెప్పాను. వంటింట్లో పుస్తకాలని, కుడి నుంచి ఎడమకి రాతలని, నీళ్ళు చల్లగా వచ్చే కుళాయిలని, ఆగకుండా చెప్పాను. ఆ పిల్ల ఊఁ కొడుతూ వింది. "ఐతారం గూడ బడా!" అని ఒకసారి నవ్వింది. అంతా అయ్యాక వాళ్ళ నాన్నని అడిగింది.

"బాపూ, నన్ను గూడ గా బడిల ఏస్తవా?"

"ఏస్త బిడ్డా. సీటు ఖాళీ గానియ్యి," అన్నాడు మల్లేష్ అంకుల్, అద్దంలోంచి రోడ్డుకేసి చూస్తూ.

నేను ఆ మాట నిజమే అనుకున్నాను. ఎవరి నాన్న ఉద్యోగమో పోయి, ఎవరో పిల్ల సామాను సర్దుకుని వెళ్ళిపోయి, మా క్లాసులో సీటు ఖాళీ అయినప్పుడల్లా సాయంత్రం అన్నం దగ్గర నాన్నకి చెప్పేదాన్ని, మల్లేష్ అంకుల్‌కి త్వరగా చెప్పండి, ఇంకెవరైనా చేరిపోతారని. నాన్న సరే అనేవారు. ఒకరోజు మాత్రం ముద్ద కలుపుతూ ఆగి, ఆయనది డ్రైవరు వీసా, దాని మీద ఇంట్లోవాళ్ళని తెచ్చుకోవడం కుదరదమ్మా, సీట్లు ఎన్ని ఉన్నా కుదరదు, అన్నారు.

ఆ విల్లా ఇప్పుడు లేదు, బడి అల్ తుమామాకి మారాక పడగొట్టి పార్కింగ్ చేశారు. కార్ల షెడ్డులో ప్రార్థనలు లేవు, మెట్ల కింద తమిళం లేదు. మా కొత్త బడికి ఈ చివర నిలబడితే ఆ చివర కనబడనంత వరండాలు, భాషకో గది. ముషైరిబ్ గోతుల్లో ఇప్పుడు మెట్రో నడుస్తోంది. మల్లేష్ అంకుల్ కంపెనీ వదిలి ఊరెళ్ళిపోయి చాలా కాలమైంది, ఆయన నంబరు మాలో ఎవరి దగ్గరా లేదు. మొన్న గురువారం నా క్లాసులో ఒక పాప అందరికీ చాక్లెట్లు పంచి, టాటా చెప్పి వెళ్ళిపోయింది. ఈ ఉదయం హాజరు పిలుస్తూ కిటికీ పక్క ఖాళీ అయిన ఆ సీటు చూడగానే నాకు మొదట తోచింది, మల్లేష్ అంకుల్‌కి త్వరగా చెప్పాలని. ఆయన కూతురికి ఇప్పుడు నా వయసే ఉంటుంది.