ఏనుగును సాకినోడు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే బస్సులో నా ఫోన్‌లో ఒక వీడియో గట్టిగా మోగుతోంది. ఏనుగుల్ని మేకల్లా మందలుగా పెంచితే మాంసానికి కొదవే ఉండదంటున్నాడు అందులో ఒకాయన. పక్కసీట్లో పచ్చగడ్డి సంచి ఒళ్లో పెట్టుకున్న ముసలాయన గయ్యిమన్నాడు.

"బంద్ చెయ్యి బిడ్డా! బక్రీద్‌కు ఏటా మేకపిల్లను నేనే సాకుత. ఒక్క ఏడు సాకినదాన్ని కోసిననాడే నాకు బుక్క దిగదు. ఏనుగు ఎదిగేసరికి నా మనుమడు పెండ్లీడుకొస్తడు. అన్నేండ్లు చేత్తోని మేపినోడు దానిమీద కత్తి పెడ్తడా? గా ఫోన్ల మాట్లాడెటోన్ని పెట్టమను!"

నేను ఫోన్ ఆపినా ఆయన కోపం దిగలేదు. అలియాబాద్‌లో లేచి, సీటు కింద రాలిన గడ్డిపోచల్ని కూడా ఏరి సంచిలో వేసుకున్నాడు.

"ఈ ఏటి పిల్ల ఇంటికాడ ఆకలికి ఒర్రుతుంటది," అన్నాడు, నా వైపు చూడకుండా.